పరిష్కారాన్వేషణలో విద్యార్థి విలేఖరి

పత్రిక సమాజానికి దర్పణమని చిన్న తరగతులనుండి వ్యాసాలలో వ్రాస్తూ వచ్చినాము. దర్పణం ముఖం మీది మచ్చను చూపుతుంది. ఆ మచ్చకు పొరుగువారు ఏ మందు వాడినారో, అది ఎందరికి గుణమిచ్చినదో, ఎవరికి వికటించినదో మాత్రం చెప్పదు. ఈ రెండవ పనిని కూడ నియమాలతో కూడిన విద్యగా అభ్యసించే ధోరణి ఇటీవలి కాలంలో పత్రికా రచనలో బలపడినది. దానిని సొల్యూషన్స్ జర్నలిజం అంటున్నారు. పరిష్కార పాత్రికేయం అని మనం పిలుచుకోవచ్చును. వెబ్ పుటల సంపాదకత్వంతో దీనికి విడదీయరాని సంబంధమున్నదని నా నమ్మకం. ఆ సంబంధాన్ని వివరించడానికి మొదట దూరదేశాలకు పోనక్కరలేదు. మొయినాబాదు మీదుగా చేవెళ్ళకు పోయే రోడ్డు చాలును.

ఆ రోడ్డు హైదరాబాదు నుండి బీజాపూరు దిశగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు శివారులోని పోలీసు అకాడమీ కూడలి నుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల దూరాన్ని నాలుగు వరుసలుగా విస్తరించాలని తలపెట్టినారు. ఇరుప్రక్కల దాదాపు 900 మర్రిచెట్లున్నవి. ఊడలు దిగి, కొమ్మలు రోడ్డుపై కలిసి, ఎండాకాలంలో బస్సు కిటికీలోనుండి చూచేవారికి పందిరి క్రింద పోతున్నట్లే ఉంటుంది. ఈ చెట్లను కాపాడవలెనని పర్యావరణాభిమానులు జాతీయ హరిత ట్రిబ్యునలును ఆశ్రయించినారు. విస్తరణ సంవత్సరాల తరబడి ఆగినది. ఈలోగా ఇరుకు రోడ్డు మీద టిప్పర్లు, లారీలు, కార్లు, కూరగాయల ఆటోలు పెరుగుతూనే వచ్చినవి. 2024 డిసెంబరులో ఆలూరు వద్ద రోడ్డు ప్రక్కన కూరగాయలమ్ముకొనేవారి మీదికి లారీ దూసుకువచ్చి ప్రాణాలు తీసినది. 2025 నవంబరు 3వ తేదీ ఉదయం చేవెళ్ళ మండలం మీర్జాగూడ వద్ద, తాండూరు నుండి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర లారీ ఢీకొన్నది. కంకర ప్రయాణికుల మీద కుమ్మరించుకొని 19 మంది మరణించినారు. మృతులలో విద్యార్థినులు ఉన్నారు.

మన కళాశాల విద్యార్థులలో అనేకులు ప్రతిదినం అదే రోడ్డు మీద వచ్చిపోయేవారు. ఆ వారంలో తరగతి గదులలో మరొక మాట వినబడలేదు. నేను ఒక వ్యాసం వ్రాసినాను. "చెట్లు కావాలా, ప్రాణాలు కావాలా?" అని శీర్షిక పెట్టినాను. అందులో ఆవేదన నిజమైనదే. చెట్లకోసం కోర్టుకు వెళ్ళినవారిని, అధికారులను, లారీ యజమానులను అందరినీ నిలబెట్టి అడిగినాను. చదివిన మిత్రులు బాగున్నదన్నారు. మా ఉర్దూ అధ్యాపకులొకరు మాత్రం కాగితాన్ని రెండుసార్లు చదివి, "చెట్టా, ప్రాణమా అని అడిగినావు. రెంటినీ నిలుపుకొన్న చోటు ఎక్కడైనా ఉన్నదా అని అడిగినావా?" అన్నారు. అడగలేదు. నాకు ఆ ప్రశ్న తోచనే లేదు.

ఆ ప్రశ్నతో వెదకడం మొదలుపెడితే మొదట తెలిసినది, నేను ఎన్నుకొన్న శీర్షికయే తప్పని. చెట్లన్నిటినీ కొట్టివేయడం, లేదా రోడ్డును అలాగే వదలడం అనే రెండే మార్గాలున్నట్లు నేను వ్రాసినాను. వాస్తవానికి వివాదం నడుస్తుండగానే నమూనా మారినది. 2025లో కుదిరిన ఏర్పాటు ప్రకారం చెట్లలో అధికభాగాన్ని ఉన్నచోటనే ఉంచి, దారిని వాటికి అనువుగా మలచి, తప్పనివాటిని మాత్రమే వ్రేళ్ళతో తీసి వేరొకచోట నాటుతారు. అనగా మూడవ మార్గం ఒకటి ప్రమాదం నాటికే కాగితం మీద ఉన్నది. అది ఎట్లా కుదిరినది, కుదరడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టినది, నాటిన మర్రి ఎన్నేళ్ళకు కుదురుకొంటుంది అనేవి అసలు వార్తలు. మర్రి, రావి జాతులకు కొమ్మ నాటినా చిగురించే శక్తి ఉన్నందున ఇతర వృక్షాలకంటె అవి మార్పిడిని బాగా తట్టుకొంటాయి. అయితే చిగురు కనబడగానే చెట్టు బ్రతికినదని ఫోటో వేయడం తొందరపాటు. నీళ్ళ ట్యాంకరు రావడం మానిన తరువాతి రెండు మూడు వేసవులు దాటిననాడే ఆ మాట అనదగును.

రెండవది, రోడ్డు విస్తరణయే ప్రమాదాలకు ఏకైక మందు కాదని తెలిసినది. ముంబయి–పూణే ఎక్స్‌ప్రెస్‌వే ఆరు వరుసల రహదారి. ఇరుకన్న మాట అక్కడ లేదు. ఐనను 2016లో ఆ రహదారి మీద 151 మంది మరణించినారు. ఆ సంవత్సరంలో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ, మహారాష్ట్ర రహదారి అభివృద్ధి సంస్థ, పోలీసులు, మహీంద్రా సంస్థ కలిసి ఒక పథకం చేపట్టినారు. జరిగిన ప్రతి ప్రమాదాన్నీ వైద్యుడు రోగాన్ని పరీక్షించినట్లు పరీక్షించినారు. గుద్దుకొనే అవకాశమున్న కాంక్రీటు దిమ్మెలకు అడ్డుకట్టలు వేసినారు. రోడ్డు ప్రక్క అక్రమంగా నిలిపే లారీలను తొలగించినారు. అంబులెన్సు చేరే సమయాన్ని తగ్గించే ప్రయత్నం చేసినారు. 2019 నాటికి మరణాలు 92కు తగ్గినవి.

ఇక్కడ విద్యార్థి విలేఖరి రెండుచోట్ల జాగ్రత్తపడవలెను. ఆ తరువాతి ఏడు, 2020లో, సంఖ్య 66 అయినది. సగానికి మించి తగ్గినదని శీర్షిక పెట్టడం సులభం. కాని ఆ సంవత్సరం కొరోనా వలన రోడ్లన్నీ నిర్మానుష్యమైనవి. ఆ తగ్గుదలలో పథకం పాలెంత, లాక్‌డౌన్ పాలెంత అని తేల్చకుండా ఆ అంకెను వాడరాదు. రెండవ సంగతి మరింత ముఖ్యమైనది. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ఎడ్లబండి రాదు, గంప పట్టుకొన్న మనిషి రాదు, బడిపిల్ల రాదు. చేవెళ్ళ రోడ్డు ప్రతి ఊరి నడుమనుండి పోతుంది. ఈ ప్రాంతపు కూరగాయలు, పూలు తెల్లవారుజామున నగరానికి చేరేది దీనిమీదుగానే. కొంత సరుకు ఈ రోడ్డు ప్రక్కనే అమ్ముడుపోతుంది కూడ. ఆలూరు తరువాత రోడ్డు ప్రక్క కూరగాయలు పెట్టుకొని కూర్చున్న ఒక పెద్దమ్మను విస్తరణ గురించి అడిగితే, "రోడ్డు ఎడల్పు జేస్తరు సరే బిడ్డా, నా గంప యాడ వెట్టుకోవాలె?" అన్నది. ముంబయి–పూణే దారిలో ఈ ప్రశ్నకు సమాధానం లేదు. అక్కడి మందులో ఇక్కడికి పనికివచ్చేది ప్రమాదాన్ని ఒక్కొక్కటిగా పరీక్షించే పద్ధతి. ఇక్కడ కొత్తగా వెదకవలసినది ఆ గంపకు చోటు.

పరిష్కార పాత్రికేయపు నియమాలన్నీ ఈ ఒక్క ఉదాహరణలో ఇమిడి ఉన్నవి. ఒక సమస్యకు ఎవరో ఒకరు చేసిన ప్రయత్నాన్ని చెప్పవలెను. ఆ ప్రయత్నం ఏ యంత్రాంగం వల్ల పనిచేసినదో విడమరచవలెను. పనిచేసినదనడానికి సాక్ష్యం చూపవలెను. ఎక్కడ పనిచేయదో దాచకుండా చెప్పవలెను. చివరి నియమం లేని కథనానికి మన జిల్లా పత్రికలలో విజయగాథ అని పేరు. విజయగాథలో ఒక రైతు ఉంటాడు, ఒక ఫోటో ఉంటుంది, ఎకరాకు ఇంత లాభమన్న అంకె ఉంటుంది. ప్రక్క చేనువాడు అదే పంట వేసి నష్టపోయిన సంగతి ఉండదు. మండల విలేఖరులలో చాలామంది ప్రచురితమైన వార్త కొలతను బట్టి పారితోషికం పొందేవారు, ప్రకటనలు కూడ సేకరించవలసినవారు. కాబట్టి విజయగాథకు, ప్రకటనకు నడుమ గీత చెరిగిపోవడం అరుదు కాదు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ గీత ఎక్కడున్నదో విద్యార్థి దశలోనే నేర్చుకొంటే మేలు.

ఈ నియమాలకు సంస్థారూపం అమెరికాలో ఏర్పడినది. 2010లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో డేవిడ్ బోర్న్‌స్టీన్, టీనా రోజెన్‌బర్గ్ అనే పాత్రికేయులు ఒక శీర్షికను ప్రారంభించి, వివిధ దేశాలలో సామాజిక సమస్యలకు జరుగుతున్న ప్రయత్నాలను పరీక్షిస్తూ వ్రాసినారు. 2013లో వారు, కోర్ట్నీ మార్టిన్ కలిసి సొల్యూషన్స్ జర్నలిజం నెట్‌వర్క్‌ను స్థాపించినారు. నేడు అనేక దేశాల వార్తాసంస్థలు ఈ పద్ధతిలో శిక్షణ పొందుతున్నవి.

అయితే ఒక ఊరి ప్రయత్నాన్ని కథగా చెబితే మరొక ఊరు కదులుతుందన్న సంగతిని తెలుగువారు అంతకు చాల ముందే చూచినారు. 1990వ దశకం తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినది. రాత్రి బడులలో చదువుకొనే స్త్రీలకోసం తయారుచేసిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం, స్త్రీలు ఏకమై సారా దుకాణం మూయించిన కథ చేర్చినారు. అది చదివిన దూబగుంట స్త్రీలు, పాఠంలోని వారు చేసిన పని మనమెందుకు చేయరాదని తమ ఊరి సారా దుకాణాన్ని మూయించినారు. వర్ధినేని రోశమ్మ ఆ ఊరి పోరాటానికి ప్రతీకగా నిలిచినది. పత్రికలు ఆ వార్తను మోసుకుపోగా 1992లో ఉద్యమం జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చినవి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించినారు.

నేను ఈ ఉదంతాన్ని మొదట దూబగుంట విజయం వరకే వ్రాసి ఆపినాను. 1997ను చేర్చిన తరువాత కథ చిన్నబోతుందని అనిపించినది. చేర్చి చూస్తే, స్త్రీల పట్టుదల ఒక ఊరిలో ఏం చేయగలదో, ప్రభుత్వ ఆదాయం, దొంగసారా, పొరుగు రాష్ట్రాల సరిహద్దులు అడ్డుపడినప్పుడు అది ఏం చేయలేదో రెండూ తెలిసివచ్చినవి. ఇటువంటిదే సూక్ష్మ ఋణాల కథ. పేద స్త్రీలకు పూచీకత్తు లేకుండా చిన్న అప్పులిచ్చే పద్ధతిని ప్రపంచమంతా దారిద్య్రానికి మందుగా కొనియాడుతున్న కాలంలో, మన రాష్ట్రంలోనే ఒక్కొక్క స్త్రీకి నాలుగైదు సంస్థలు అప్పులిచ్చి, వసూళ్ళ ఒత్తిడి ఆత్మహత్యల దాకా పోయినదన్న ఆరోపణలు రాగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినది. ఆనాడు పొగడిన కథనాలలో పరిమితి గురించిన ఒక్క పేరా ఉన్నా చదువరులు కొంత మేలుకొనేవారేమో.

ఇదంతా విమర్శనుండి తప్పుకొనే సౌమ్యమార్గమని కొందరికి సందేహం కలుగవచ్చును. మన ప్రాంతపు పత్రికా చరిత్ర చదివినవారికి ఆ సందేహం నిలువదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించినారు. తెలంగాణంలో కవులు లేరన్న ఆక్షేపణ వచ్చినప్పుడు, ఆక్షేపించినవారిని నిందిస్తూ సంపాదకీయాలు వ్రాయడంతో సరిపెట్టక, ఊరూరి నుండి రచనలు రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. ఆక్షేపణకు సాక్ష్యంతో సమాధానమంటే అది. మరొకవైపు ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండిస్తూ, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరవలెనని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైనాడు. ఆయన ముందున్నది పరిష్కార కథనం వ్రాసే సమయం కాదు. అన్యాయం బాహాటంగా జరుగుతున్నప్పుడు దానిని అన్యాయమని చెప్పడమే విలేఖరి పని. ఏ పనికి ఏ సమయమో గుర్తెరగవలెను. మన మొయినాబాదు విషయమే చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామాలలో కట్టడాలను నియంత్రించినది. ఆ ఆంక్షలను 2022లో తొలగించడానికి మరొక ఉత్తర్వు వచ్చినది. రైతు భూమి విలువకు, చెరువు నీటికి సంధి కుదిర్చిన ప్రయోగమేదీ మన ముందు లేకుండా దానిపై పరిష్కార కథనం వ్రాయబోతే అది ఊహాగానమే అవుతుంది. అక్కడ ముందుగా కావలసినది ఎవరి భూమి ఎవరి చేతికి పోయినదన్న పాత తరహా వార్తయే.

ఇక వెబ్ సంపాదకత్వం. పరిష్కార కథనాన్ని చదివినవాడు దానిని అనుసరించి ఏదో ఒకటి చేయవచ్చును. దూబగుంట స్త్రీలు చేసినట్లే. అచ్చు పత్రిక మరునాటికి పొట్లాలకు పోతుంది. వెబ్ పుట పోదు. ఐదేళ్ళ తరువాత మరొక ఊరి సర్పంచు ఫోనులో వెదకితే నేడు వ్రాసినట్లే కనబడుతుంది. ముందు వెనుకల పుటలు అతనికి కనబడవు. మధ్యలోకి వచ్చి పడతాడు. కావున వెబ్‌లో "నిన్న", "గత వారం", "ఈ ఏడాది" అనే మాటలు వాడరాదు. తేదీ వ్రాయవలెను. ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ రెండూ పైన ఉండవలెను. తప్పు దొరికితే చాటుగా దిద్దరాదు. ఏది తప్పు, ఎప్పుడు దిద్దినారు అనే వాక్యం అదే పుటలో చేర్చవలెను. మర్రిని నాటినారని ఈ ఏడు వ్రాసి, వచ్చే వేసవికి అది ఎండిపోతే, ఆ పుటను తెరచి ఆ మాట చేర్చేంతవరకు సంపాదకుని పని ముగియలేదు. ప్రమాద మృతుల ఛాయాచిత్రాల విషయంలోనూ ఇంతే. ఆ చిత్రం వారి చెల్లెలి ఫోనులో ఎన్నేళ్ళ తరువాతనైనా ప్రత్యక్షం కావచ్చునని తలచి ఎన్నుకోవలెను.

రెండు భాషల కళాశాల కావడం వల్ల మనకు మరికొన్ని చిక్కులున్నవి. మన వార్షిక సంచికను ఒక అట్టనుండి తెరిస్తే తెలుగు, రెండవ అట్టనుండి తెరిస్తే ఉర్దూ. వెబ్ పుటకు రెండు అట్టలు లేవు. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగుతుంది. దాని నడుమ వచ్చే అంకెలు మాత్రం ఎడమనుండి కుడికే సాగుతాయి. పుట దిశను కంప్యూటరుకు సరిగా తెలుపకపోతే కుండలీకరణాలు తలక్రిందులై, తేదీలోని రోజు నెల తారుమారవుతాయి. నస్తాలీఖ్ లిపికి, మన వత్తులకు పంక్తుల నడుమ ఎక్కువ చోటు కావలెను. ఇంగ్లీషు కొలతలు పెట్టితే రెండూ తెగుతాయి. యూనికోడులో తెలుగుకు 1991 నుండి చోటున్నప్పటికీ, అచ్చుకోసం వేరే ఫాంట్లలో టైపు చేసిన పాత సంచికలను వెబ్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఉర్దూలో ఇన్‌పేజ్ ప్రతులకు ఇదే గతి. వాటిని మార్చి, ఒక్కొక్క పంక్తి సరిచూడడం విసుగు పుట్టించే పని. సంపాదకత్వమంటే అధికభాగం ఇటువంటి పనియే అని ముందుగా తెలుసుకోవడం మంచిది. అన్నిటికంటె ముఖ్యం: తెలుగు పుటలో దిద్దిన అంకె ఉర్దూ పుటలో పాతదే నిలిచిపోతే, ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు మిత్రులు రెండు వేర్వేరు వాస్తవాలను నమ్ముతారు.

ఈ విద్యను అభ్యసించగోరే మిత్రులకు దారులు లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954 నుండి పత్రికా రచనా శాఖ ఉన్నది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, మనకు సమీపంలోనే, ఉర్దూ మాధ్యమంలో ఇదే విద్య నేర్పుతున్నది. డిగ్రీ చదువుతుండగానే చేయదగినవీ ఉన్నవి. పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత భాండాగారం పరి, తెలుగు, ఉర్దూలతో సహా అనేక భాషలలో వెలువడుతూ, విద్యార్థుల రచనలను కూడ స్వీకరిస్తున్నది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒక గ్రామ వ్యాసాన్ని దిద్దితే, ప్రతి వాక్యానికి ఆధారమడిగే అలవాటు, ఎవరు ఎప్పుడు ఏది మార్చినారో అందరికీ కనబడే క్రమశిక్షణ రెండూ అలవడతాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద వ్రాసిన అర్జీకి 30 రోజులలో సమాధానం రావలెను. చేవెళ్ళ రోడ్డు మీద ఏ మలుపులో ఎన్ని ప్రమాదాలు జరిగినవో తెలుసుకొనేందుకు ఇంతకంటె చౌకైన సాధనం లేదు.

కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ సంచికను వెబ్‌లో ఉంచాలన్న ఆలోచన కార్యరూపం దాల్చిననాడు, దానిలో కళాశాల విజయాల పుటతోపాటు సవరణల పుట కూడ ఒకటి ఉండనివ్వండి. నా మొదటి వ్యాసం, తప్పు శీర్షికతో సహా, ఆ పుటలో మొదట చేరడానికి నాకు అభ్యంతరం లేదు. రెండవ వ్యాసం ఇంకా పూర్తికాలేదు. మొయినాబాదు నుండి చేవెళ్ళ వరకు ఉన్నచోటనే నిలిచిన మర్రులను, తరలించిన మర్రులను వేర్వేరుగా లెక్కించే పట్టిక ఒకటి నలుగురు విద్యార్థులం కలిసి గీసినాము. అందులో మూడు వేసవులకు మూడు గడులు ఉంచినాము. గంపల అంగడికి వేరొక గడి ఉన్నది.